గరిక మీద తొలి గెలుపు

ఎల్లన్న పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. దినాలు కూడా అయిపోయాక ఒక పొద్దున జగిత్యాల బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆలస్యంగా చేసే పరామర్శలో ఎంతో కొంత సిగ్గు ఉంటుంది. ఏడ్చేవాళ్లు ఏడ్చి తేరుకున్నాక మనం వెళ్లి మళ్లీ కదిలిస్తాం. ఆయన కూతురు లక్ష్మి కుర్చీ వేసి, నీళ్లిచ్చి, నా ముఖంలోకి కాసేపు చూసి, "నువ్వు గరిక రాజేశం కాకవు గదా" అన్నది. నలభై ఏళ్లుగా నన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు. ఆ పేరు పెట్టినవాడు గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్నాడు. నేను తలూపేలోగా ఆమె లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చి, అందులోంచి ఒక క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టింది. అట్ట మీద అక్షరాలేమీ లేవు. ఆకుపచ్చ సిరాతో గీసిన ఒక గుండ్రం మాత్రం ఉంది. చదువు రాని ఎల్లన్న తన క్యాసెట్లకు అలాంటి గుర్తులే పెట్టుకునేవాడు.

"బాపు దుబాయ్‌ల నుంచి పంపిన మాట ఉత్తరం. గిదొక్కటే మిగిలింది. దీని మీద ఇంకోటి నింపకుండ మా అవ్వ గీ చెవులు ఇరగ్గొట్టింది" అన్నది లక్ష్మి, క్యాసెట్ వెనక విరిగిన రెండు ప్లాస్టిక్ ముక్కల చోటు చూపిస్తూ. "మా పిలగాడు ఫోన్ల ఎక్కించిండు. ఇంటవా?"

నేను కొంచెం ఆగమన్నాను. పోయినవాడి గొంతు వినాలంటే ధైర్యం కావాలి. ఆ గుండ్రం ఫుట్‌బాల్ అని నాకు చూడగానే తెలిసింది. అది ఏ శుక్రవారం నింపిన క్యాసెట్టో కూడా తెలిసింది. ఆమె చాయ్ పెట్టడానికి వెళ్లింది. పొయ్యి మీద అల్లం వాసన లేచేసరికి నేను అల్ ఐన్‌లో ఉన్నాను.

మా ఊళ్లలో అప్పుడు గల్ఫ్ మొత్తానికీ ఒకటే పేరు, దుబాయ్. మేమున్నది మాత్రం సముద్రం కనపడని అల్ ఐన్‌లో, ఖర్జూరపు తోటల మధ్య, ఒక కాలేజీ వెనక. ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ మైదానం ఉండేది. దానికి నీళ్లు పెట్టి పచ్చగా ఉంచడం మా కొలువు. మైదానం పక్కనే రేకుల గది. అందులో ముగ్గురం: నేను, ఎల్లన్న, నీళ్ల ట్యాంకర్ నడిపే పఠాన్, ఖాన్ సాబ్. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎల్లన్నకు నలభైకి దగ్గర. ఖాన్ సాబ్ వయసు ఆయనకే సరిగ్గా తెలియదు. అన్నం కూరలు ఎల్లన్న వండేవాడు, రొట్టెలు ఖాన్ సాబ్ తెచ్చేవాడు, గిన్నెలు నేను తోమేవాణ్ని. ఉల్లిగడ్డ వేగిన వాసన, తడి ఇసుక వాసన, ఎండలో కాలిన రబ్బరు పైపు వాసన, ఈ మూడూ కలిస్తే ఆ గది. ఇప్పటికీ ఎక్కడైనా పైపులోంచి మొదటి నీళ్లు వేడిగా వస్తే నాకు ఎల్లన్న పెట్టిన పచ్చిపులుసు గుర్తొస్తుంది.

ఎల్లన్నకు కొన్ని పట్టింపులుండేవి. గడ్డి మీద చెప్పులతో అడుగు పెట్టేవాడు కాదు, నన్నూ పెట్టనిచ్చేవాడు కాదు. తెల్లవారుజామున వాల్వు తిప్పగానే మొదటి నీళ్లు దోసిట్లో పట్టి, నుదుటికి అద్దుకుని, అప్పుడు పైపు వదిలేవాడు. ఆ మైదానంలో పెరిగేది మన గరికే. నేను చేరిన రోజే ఆయన దాన్ని చూపించి పడీపడీ నవ్వాడు. "పుట్టినకాడ్నుంచి చేన్ల గరిక పీకి పీకి నడుములు వోయినయ్ రా. గీడికి తెచ్చి గదే గరికను పెంచుమన్నరు. అది మన మీద పగ దీర్చుకుంటున్నది" అన్నాడు.

ఆ పగ నా మీద ఇంకో రకంగా తీరింది. ఎండాకాలం వెళ్లి చలి రాబోయే ముందు, ఎండకు పలచబడ్డ గరిక మధ్యలో చలికాలపు గడ్డి విత్తనాలు చల్లుతారు. నేను చేరేనాటికే చల్లేశారు. అవి సన్నగా, లేతగా, అచ్చం వరి నారులా లేచాయి. అప్పుడే ఎల్లన్న పాస్‌పోర్ట్ పనిమీద రెండు రోజులు అబుదాబి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఆయనకు ఛుట్టీ దొరికింది. సీజన్‌లో మొదటి మ్యాచ్ అయిన వారానికి ఊరికి ప్రయాణం. ఆయన ఇక్కడికి వచ్చాక పుట్టిన లక్ష్మిని ఆయన ఇంకా చూడనే లేదు. మోచేతితో కొలత చెప్పి దుకాణంలో ఒక గులాబీ రంగు గౌను కొన్నాడు. అది మంచం కింద పెట్టెలో ఉండేది, వారానికోసారి తీసి మడత మార్చేవాడు.

అబుదాబి వెళ్తూ వెళ్తూ నాకు నీళ్ల పని అప్పగించాడు. నీళ్లు పెట్టాక పొద్దంతా ఖాళీ. ఖాళీగా కూర్చుంటే తిన్న అన్నం అరగని ఇంట్లో పెరిగినవాణ్ని. ఉత్తరం వైపు గోల్ ముందుకు వెళ్లి చూస్తే, లేత నారు మధ్యలో గరిక అల్లుకుని ఉంది. నారుమడిలో గరిక కనిపిస్తే మా బాపు చేసే పనే నేనూ చేశాను. గొంతుక్కూర్చుని, కొడవలి మొనతో వేరుదాకా తవ్వి, రెండు రోజుల్లో గోల్ ముందంతా శుభ్రంగా ఏరిపారేశాను. పీకినదంతా గట్టున కుప్ప పోశాను. ఎల్లన్న వచ్చి మెచ్చుకుంటాడని, చేతులు కడుక్కుని, దారి చూస్తూ నిలబడ్డాను కూడా.

ఎల్లన్న వచ్చి చూశాడు. గోల్ ముందు రెండు మంచాల మేర, మరో రెండు మంచాల మేర, ఇంకా అటు దాకా, ఒట్టి ఇసుక. నిలుపుకునే గరిక పోయాక ఆ లేత నారు కూడా తలలు వాల్చేసింది. ఆయన కుప్ప దగ్గర కూలబడి, ఒక గరిక వేరు తీసి, చాలాసేపు చూశాడు. నేను చేసిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది.

"అన్నా, నేను కలుపనుకున్న."

"తప్పు నీది గాదురా. మీ బాపు నేర్పిన పనే జేసినవ్. గీడ పంట ఏదో కలుపేదో నీకెవ్వలు జెప్పిండ్రు? చెప్పకపోవుడు నాది తప్పు" అన్నాడు. తర్వాత కొంచెం నవ్వాడు కూడా. "ఇగ నీ పేరు గరిక రాజేశం."

ఆ సాయంత్రమే ముదీర్ వచ్చాడు. మాకు పై అధికారి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో తాళాల గుత్తి. మైదానం చూసి అరబ్బీలో ఏదేదో అన్నాడు. చివర్లో మాకు తెలిసేలా అరకొర ఉర్దూలో, "ఏ కిస్‌నే కియా? మ్యాచ్ కే బాద్ వో ఆద్మీ ఖలాస్, సీధా ఇండియా" అన్నాడు. చేసినవాణ్ని మ్యాచ్ కాగానే ఇంటికి పంపేస్తాడన్నమాట. మ్యాచ్‌కు పన్నెండు రోజులుంది. నేను వచ్చి నెల కాలేదు. దుబాయ్ పోతున్నానని ఊరంతా చెప్పి, నలుగురి చేతా బొట్టు పెట్టించుకుని బయల్దేరినవాణ్ని, నెలకే తిరిగిపోతే ఏ ముఖం పెట్టుకుని బస్సు దిగాలో తెలియలేదు. తెల్లారి ఎల్లన్న టోపీ పెట్టుకుని ఒక్కడే ముదీర్ గదికి వెళ్లాడు. తిరిగొచ్చి, "మాఫ్ జేసిండు. గని మ్యాచ్ నాటికి గోల్ ముందల గడ్డి లేవాలె. ఆటల ఊడిందనుకో, ఇద్దరం ఇంటికే" అన్నాడు.

గరికకు చావు లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. కుప్పలో రెండు రోజులు ఎండిన వేర్లనే తడి గోనె సంచుల్లో చుట్టి పెట్టాడు ఎల్లన్న. మర్నాటికి కణుపుల దగ్గర తెల్లగా మొలక తిరిగింది. వాటిని జానెడు జానెడు ముక్కలు చేసి, ఇద్దరం వంగి, వరి నాటు వేసినట్టు వరసలు వరసలుగా నాటాం. ఖాన్ సాబ్ ట్యాంకర్‌లో మంచి నీళ్లు అడిగి తెచ్చి పోశాడు. బావి నీళ్లలో ఉప్పు ఎక్కువ, లేత వేరు తట్టుకోదు. మనిషికి తెచ్చిన నీళ్లు గడ్డికి పోస్తున్నావేమని ఎవరైనా అడిగితే, "యే భీ బచ్చా హై" అనేవాడాయన, ఇదీ పసిబిడ్డే కదా అన్నట్టు. పన్నెండో రోజుకు పచ్చటి పొర కమ్మింది. చేత్తో లాగి చూస్తే మాత్రం కొన్ని చోట్ల ఇంకా వదులుగానే ఉంది.

మ్యాచ్ గురువారం మధ్యాహ్నం తర్వాత. షార్జా నుంచి బస్సులో ఒక జట్టు వచ్చింది. ఆట చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద మాకు చోటు లేదు. ట్యాంకర్ పైకెక్కి కూర్చుంటే మైదానమంతా కనిపించేది. మా కాలేజీ పిల్లల పేర్లు మాకు నోరు తిరగక, సొంత పేర్లు పెట్టుకున్నాం. ఎగిరి తలతో కొట్టే పొడుగాటి సూడాన్ పిల్లాడు కొంగ. మధ్యలో ఆడే పొట్టి, గట్టి పిల్లాడు గిత్త. గోల్ కాసేవాడు తలుపు. అప్పటికి నాకు ఆట సగం కూడా తెలియదు. ఎల్లన్న రెండేళ్లుగా చూస్తున్నాడు, ఏ ఆటగాడు ఏ కాలు మీద బరువు వేస్తాడో గడ్డి మీద పడ్డ గుర్తును బట్టి చెప్పేవాడు.

మొదటి సగంలో మనవాళ్లు ఉత్తరం గోల్ మీదికి దాడి చేశారు. అంటే నేను పీకిన చోటికే. జనమంతా బంతిని చూస్తుంటే నేను నేలనే చూస్తున్నాను. కొంగ పరుగెత్తుకొచ్చి సరిగ్గా మేం నాటిన వరసల మీద కాలు తన్ని ఎగిరాడు. నేను కళ్లు మూసుకున్నాను. చప్పట్లు వినిపించి తెరిస్తే బంతి వలలో ఉంది, గడ్డి నేల మీదే ఉంది. తర్వాత గిత్త దూరం నుంచి కొట్టి రెండోది చేశాడు. రెండో సగంలో వైపులు మారాయి, ఉత్తరం గోల్‌కు తలుపు వచ్చాడు. అవతలివాళ్లు ఒకటి తిరిగి కొట్టేసరికి మనవాళ్లకు చేతులూ కాళ్లూ ఆడలేదు. అందరూ వెనక్కి వచ్చి గోల్ ముందు గుంపు కట్టారు. పది పన్నెండు జతల బూట్లు ఆ లేత గడ్డిని తొక్కుతుంటే నా గుండెల మీద తొక్కుతున్నట్టే ఉంది. ఎల్లన్న నా మోచేయి పట్టుకుని కూర్చున్నాడు. ఆట ముగియబోతుండగా వాళ్లవాడొకడు ఒంటరిగా దూసుకొచ్చాడు. తలుపు కుడికాలు నేలకు ఆనించి పక్కకు దూకాడు. ఆ కాలు జారి ఉంటే గోల్. జారలేదు. బంతి వాడి వేళ్లకు తగిలి బయటికి పోయింది. ఖాన్ సాబ్ ట్యాంకర్ రేకును రెండు చేతులతో బాది, "యల్లా! బచ్ గయే!" అని అరిచాడు. విజిల్ వేశాక ముదీర్ వచ్చి, గోల్ ముందు బూటు మొనతో ఒకసారి గీరి చూసి, తాళాల గుత్తి తిప్పుకుంటూ వెళ్లిపోయాడు. మేమిద్దరం చెప్పులు విప్పి దిగి, లేచిన గడ్డి పెళ్లలను ఒక్కొక్కటే నొక్కి కూర్చోబెట్టాం. నాకు తెలియకుండానే కళ్ల వెంట నీళ్లు కారాయి.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం పొద్దున తలస్నానాలు, మటన్, ఆ తర్వాత ఉత్తరాలు. రాయడం రానివాళ్లం ఎక్కువ కాబట్టి, ఉత్తరమంటే క్యాసెట్టే. మా గదిలో దానికొక పద్ధతి ఉండేది. ఇంటికి మాట్లాడేవాడు తలుపు గడియకు తువ్వాల కడతాడు. తువ్వాల కనిపిస్తే మిగతావాళ్లు బయటికెళ్లి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చోవాలి, గోడకు చెవి ఒగ్గకూడదు. పెళ్లాంతో మాట్లాడుకోవడానికి ఇంత చాటు మాత్రమే మాకు దొరికేది, దాన్ని అందరం ఒకరికొకరం కాపాడుకునేవాళ్లం. ఆ రోజు తువ్వాల చాలాసేపు ఉంది. సాయంత్రం ఎల్లన్న, తాను ఇప్పుడు ఊరికి పోవట్లేదని చెప్పాడు. "జట్టు గిప్పుడే గెలుపుల వడ్డది. నేను వోతే గడ్డి ఎవ్వలు జూస్తరు? వచ్చే ఏడు వోత" అన్నాడు. మేం ముక్కున వేలేసుకున్నాం. ఆలి కన్నా ఆట ముద్దయిందని చుట్టుపక్కల కూలీల క్యాంపుల్లో అందరూ ఆటపట్టించారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ గౌను పెట్టె, క్యాసెట్టు ఊరికి వెళ్లే ఇంకొకరి చేత పంపించాడు.

లక్ష్మి చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. ముందు గాలి హోరు, తర్వాత మంచం కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత భార్యను పలకరిస్తూ ఎల్లన్న.

"ఓ రాజవ్వా, మంచిగున్నవా? పిల్ల మంచిగున్నదా? నేను మంచిగున్న. నిన్న మా కాలేజీ పోరగాండ్లు మొదటి ఆట గెల్చిండ్రు. రెండు, ఒకటి. గెల్చిండ్రు గని నాకైతే కడుపు నిండలే. అవతలోల్లు బస్సుల ఎండకు వచ్చి అలిసిండ్రు, గది మనకు కలిసొచ్చింది. కొంగ ఎగురుతడు గని ఉరకడు. ఎడమ దిక్కు ఒడ్డు లేని మడి లెక్క, ఎవ్వడన్న రావచ్చు. ఒక్క గోల్ వడంగనే అందరు గొర్లలెక్క ఒక్కకాడ జమైండ్రు. పైన పటారం, లోన లొటారం. తలుపు పిలగాడొక్కడు నిలవడ్డడు. వాడు నిలవడ్డది గూడ ఎందుకంటవ్, కాలు కింద గరిక నిలవడ్డది."

నేను నవ్వాను. ఆ ఆటను అంత సరిగ్గా ఎవరూ తూచి ఉండరు. ఎల్లన్న గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"ఇగ అసలు ముచ్చట. నేను ఇప్పుడు వస్తలేను రాజవ్వా. కోపం జెయ్యకు. మా అర్రల రాజేశమని ఒక పిలగాడున్నడు, కొత్తోడు. కలుపనుకోని గోల్ ముందల గడ్డి పీకిండు. పీకినోన్ని ఇంటికి పంపుతనన్నడు ముదీర్. వాడు గిప్పుడు వోతే మల్ల రాలేడు. నేనే పీకిన, నాకు కండ్లు ఆనుతలేవని చెప్పిన. పాతోన్నని కొలువు ఉంచిండు గని ఛుట్టీ కోసిండు. ఏడాది. వాన్కి మాత్రం ఎవ్వలు చెప్పద్దు, మనసుల వెట్టుకోని కుములుతడు. నేనున్నన్ని దినాలు చెప్పద్దు. పిల్లకు నేనే చెప్పుకుంట."

లక్ష్మి ఫోను ఆపింది. గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చాక నేను కరీంనగర్‌లో గడ్డి నర్సరీ పెట్టుకుని బతికాను. ఆయన నేర్పిన నాటుతోనే, గరిక చాపలు చుట్టి అమ్మి, ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లవాళ్లు ప్లాస్టిక్ గడ్డి పరుచుకుంటున్నారు. నా మనవడు రోజూ సాయంత్రం మా మధ్యే కూర్చుని ఫోనులో ముఖం చూపించి మాట్లాడతాడు, పక్కన ఎవరున్నారో చూసుకోడు, మేమూ లేచి వెళ్లం. మంచి రోజులే ఇవి, కాదనను. కానీ ఒకడు తన బిడ్డ ముఖాన్ని ఏడాది వాయిదా వేసుకుంటే, దాని మీద నా బతుకంతా నిలబడిందని, నేను అరవై దాటాక తెలుసుకోవడం ఎంత ఆలస్యం. పైగా ఆ రోజు నవ్వాను.

"బిడ్డా, నీ బాపును నీకు ఏడాది లేకుండ జేసిన" అన్నాను.

"ఊకో కాకా. మా అవ్వ గీ క్యాసెట్ దినాం వెట్టేది. నీ పేరు ఇనుకుంటనే నేను మాటలు నేర్చిన. బాపు వచ్చేసరికి గౌను నాకు వట్టలే, బొమ్మకు తొడిగిన. గంతే పోయింది" అన్నది లక్ష్మి. "నువ్వు వస్తె ఇనిపియ్యుమని పోయేటప్పుడు బాపే చెప్పిండు. నిమ్మలంగ ఇను, ఇంక కొంచెమున్నది."

మళ్లీ నొక్కింది. మంచం కిర్రుమంది. తలుపు తీసి, గడియకు కట్టిన తువ్వాల విప్పిన చప్పుడు. టేపు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. "అరే రాజేశం, అయిపోయింది, లోపలికి రా" అని ఎల్లన్న పిలుపు. ఇసుక మీద చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వస్తున్నారు. తర్వాత ఒక సన్నటి, లేత గొంతు. నాదే.

"గింతసేపు ఏం జెప్పినవ్ అన్నా వదినెకు?"

"ఏం జెప్తరా" అన్నాడు ఎల్లన్న. "మనోల్లు గెల్చిండ్రని చెప్పిన."